దుమ్ము చాటున మసి

హైదరాబాద్ పక్కనున్న పారిశ్రామిక పట్టణం పటాన్‌చెరు గాలి మాటెత్తితే అధికారుల నోట ముందు వచ్చేది దుమ్ము. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు, రోడ్డంచు మట్టి, ఆగని నిర్మాణాలు. ఊడ్చి నీళ్లు చల్లితే చాలావరకు సర్దుకుంటుందని నమ్మకం. ఈ నమ్మకం కొలిచే తీరులోంచే పుట్టింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో పటాన్‌చెరు, సంగారెడ్డి రెండూ ఉన్నాయి. అక్కడ ప్రగతిని చూసేది ముఖ్యంగా పీఎం10, అంటే పది మైక్రోమీటర్ల లోపు రేణువుల, తూకంతో. తూకం పెట్టినప్పుడు ముతక మట్టే మొగ్గుతుంది, మసి తేలిపోతుంది. ఆ కార్యక్రమం సొమ్ములో 64 శాతం రోడ్ల దుమ్ముకే ఖర్చయిందని, పరిశ్రమల కాలుష్యానికి ఒక్క శాతమైనా దక్కలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో తేల్చింది. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 43 తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో ఒకటిగా గుర్తించిన పటాన్‌చెరు-బొల్లారం పట్టీకి చీపురు వైద్యం చేయడం అన్యాయం.

ఊపిరితిత్తుల లోతుకు దిగేది సన్నని రేణువు. అందులోని కార్బన్ ఏది కాలి వచ్చిందో చెప్పే గుర్తులు ఆ కార్బన్‌లోనే ఉంటాయి. క్వార్ట్జ్ వడపోత మీద పట్టిన నలుపును ముందు హీలియంలో వేడిచేస్తే సేంద్రియ కార్బన్ విడివడుతుంది, ఆక్సిజన్ కలిపితే మిగిలిన మసి కాలిపోతుంది. బొగ్గు, డీజిల్ కోట్ల ఏళ్లనాటివి కాబట్టి వాటి పొగలో కార్బన్-14 ఉండదు. కట్టె, ఊక, వరి కొయ్యల పొగలో ఉంటుంది. కట్టె కాలిందనడానికి లెవోగ్లూకోసాన్ అనే రసాయనం మరో సాక్షి. దక్షిణాసియా మీది గోధుమరంగు కాలుష్య మబ్బులో మసి సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా జీవ ఇంధనాలదేనని 2009లో బయటపడింది ఈ కార్బన్-14 లెక్కతోనే.

అయితే నేరం పొయ్యిలదీ రైతులదీ అన్నమాట, అని పరిశ్రమల తరఫున వాదించేవారుంటారు. తొందరపడకూడదు. బాయిలర్లో ఊక దిమ్మెలు కాల్చినా అదే కార్బన్-14, అదే లెవోగ్లూకోసాన్ కనిపిస్తాయి. ఫ్యాక్టరీ పొగను పేదింటి పొయ్యి ఖాతాలో రాయకుండా ఉండాలంటే బాయిలర్ల ఇంధన రిజిస్టర్లు, గంట గంటకూ మసి కొలతలు, గాలి దిశ, మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. మందుల కంపెనీల ద్రావకాల సంగతి ఇంకా చిక్కు. టోలుయిన్ వంటివి చిమ్నీ దగ్గర రేణువులు కావు, ఆవిరి. ఎండ తగిలి గాలిలో మారాకే రేణువులవుతాయి. చిమ్నీలో దుమ్ము కొలిచే మీటరుకు అవి ఎప్పటికీ దొరకవు.

ఇన్ని పొరపాట్లకు తావున్న పరీక్షలు ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. పొరపాటు ఎంతో చెప్పే లెక్క, అసలు ప్రశ్నే అడగని తూకం కంటే మేలు. ఖర్చు అంటారా, జాతీయ పర్యవేక్షణ పథకం కింద సిబ్బంది నడిపే కేంద్రాల్లో వారానికి రెండు రోజులు వడపోత కాగితాలు ఎలాగూ మారుస్తున్నారు. వాటి పక్కన క్వార్ట్జ్ వడపోత ఒకటి అమర్చి, తూచి పక్కన పెట్టేయకుండా ముక్క కోసి ప్రయోగశాలకు పంపాలి. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామిక వాడల్లో ముందు మొదలుపెట్టాలి, రాత్రిపూట గాలిని విడిగా పట్టాలి, ఫలితాలు తెలుగులో స్థానిక కార్యాలయాల గోడల మీద అంటించాలి.