ఇంటికి వచ్చిన నాటకము

నాటకము తెల్లవారుజామునకు ముగియును. తెర దించుదురు, దీపము లార్పుదురు, పందిరి విప్పుదురు. నటకులు హార్మోనియమును, వేషముల పెట్టెలను బండి కెత్తించుకొని వేరొక యూరికి సాగిపోవుదురు. మరునాటి కచ్చట మిగులునవి నలిగిన గడ్డియు, గుంజలు పాతిన గోతులును మాత్రమే. ఇట్టి అల్పాయువైన కళను మన తెలుగిండ్లలో దాదాపు నూరేండ్లు నిలిపిన వస్తువొకటి కలదు. అది పది యంగుళముల నల్లని లక్కబిళ్ల. దానినే మన పెద్దలు గ్రామఫోను ప్లేటనిరి. ఆడినవారు పోయిరి, చూచినవారును పోయిరి. ప్లేటులోని పద్యము మాత్రము పోలేదు. ఎందువలన పోలేదో ఈ మాసమున మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

మా తిరువూరు ప్రాంతమువారికి నాటకపద్యము దగ్గరి చుట్టము. బెజవాడనుండి భద్రాచలము పోవు బాటలో మాకు ముందుగా వచ్చునది మైలవరము. ఇరువదవ శతాబ్దపు మొదటి పాదమున అచ్చటి జమీందారుల పోషణలో బాలభారతీ నాటకసమాజము వర్ధిల్లినది. యడవల్లి సూర్యనారాయణగారు, కపిలవాయి రామనాథశాస్త్రిగారు, స్త్రీపాత్రలకు పేరొందిన ఉప్పులూరి సంజీవరావుగారు మున్నగువారు ఆ సమాజమున వేషములు ధరించిరి. పాపట్ల కాంతయ్యగారు పద్యములకు వరుసలు కూర్చిరి. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయములు’ పల్లెపల్లెకు ప్రాకుటకు ఇట్టి సమాజములే కారణము. మా యూరి పొలిమేర కావల 1956 వరకు హైదరాబాదు రాష్ట్రము. 2014 నుండి తెలంగాణము. పాలనలు మారినవి, జిల్లాల పేర్లు మారినవి. 2022లో మా తిరువూరే కృష్ణాజిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది. కాని రాయబారపు పద్యము వినబడినచో తరువాతి పాదము నందుకొను పెద్దమ్మ పొలిమేర కిరువైపుల నుండనే యున్నది.

ఆ పెద్దమ్మ యా పద్యము నెచ్చట నేర్చినది? పందిట నేర్చినదనుకొనుట పొరపాటు. రాత్రి పదిగంటలకు మొదలై తెల్లవారువరకు సాగు నాటకమునకు గృహిణి పోవుట యెంతకష్టమో చెప్పనక్కరలేదు. చంటిబిడ్డ, పొయ్యి, పాడి, అత్తగారి యనుమతి, ఇన్నియు దాటవలెను. దాటి పోయినను కూర్చుండుట యొకమూల. పద్యము రసవత్తరముగా నున్నప్పుడు ‘వన్సుమోర్’ అని కేక వేయు ఆచారము మన నాటకశాలలలో నుండెడిది. ఆ కేక విని నటకుడు చచ్చిపడిన పాత్రయైనను లేచి మరల పాడెడివాడని హాస్యమునకు చెప్పుకొందురు. అయితే ఆ కేక వేయు అధికారము ముందువరుసల పురుషులది. మూల కూర్చున్న యిల్లాలికి మరల వినవలెనని యెంత కోరికయున్నను నోరు మెదపలేకుండెను.

ప్లేటు వచ్చి ఈ యధికారమును ఆమె చేతికిచ్చినది. గ్రామఫోను ఊరికి ఒకటి రెండిండ్లలో మాత్రమే యున్న కాలమది. మధ్యాహ్నము పనులు తీరినపిమ్మట ఇరుగుపొరుగువారు ఆ యింట చేరెడివారు. పెట్టెకు కీ త్రిప్పి, క్రొత్త ముల్లు బిగించి, ప్లేటుపై నుంచినచో శ్రీకృష్ణుడు కౌరవసభకు బయలుదేరెడివాడు. ముల్లును మరల మొదటి గీతపై నుంచిన చాలును. ఎన్ని మారులైనను, విసుగులేక, అదే గొంతుతో పాడెడివాడు. నాటకపు ప్లేటు ఇన్నాళ్లు నిలుచుటకు మొదటి కారణ మిదియే యని మా యభిప్రాయము. పందిటిలో ఒక్కసారి విన్నది ముచ్చటగా మిగులును. ఇంట నలువదిసార్లు విన్నది స్వంతమగును.

రెండవ కారణము ప్లేటు కొలతలోనే యున్నది. మన దేశమున 1902లో కలకత్తా నగరమున గౌహర్‌జాన్ గారి గొంతు పట్టినది మొదలు ఈ పరిశ్రమ వృద్ధియైనది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పదియంగుళముల ప్లేటు ఒకవైపున మూడు, మూడున్నర నిమిషములకంటె పాడజాలదు. పందిటిలోనైనచో ఒక్క పద్యమునకు పావుగంట రాగము తీయుదురు. రాగమునకు పద్యము బలియగుచున్నదని ఆనాటి విమర్శకులు మొత్తుకొనుచునే యుండిరి. ప్లేటు ముందు ఆ విస్తారము సాగలేదు. నటకుడు రాగమును కుదించి, మాటను స్పష్టముగా పలికి, సమాసమును విరువవలసినచోటనే విరువవలసివచ్చెను. 1925 ప్రాంతమున మైకు వచ్చువరకు బాకావంటి గొట్టమున తలయుంచి బిగ్గరగా పాడవలసిన కష్టము గూడ నుండెను. ఆ యిరుకులోనుండి వెలువడినందుననే కాబోలు, పద్యమునందలి ప్రతి మాటయు మన చెవి కందినది. చదువురాని యిల్లాలు సైతము ఆ పద్యమును తప్పులేక పలుకుచున్నదన్న ఆ పుణ్యము తేట తెనుగున వ్రాసిన కవులకెంతో, మూడు నిమిషముల కొలతకును అంత చెందును.

ఒక్కొక్క పద్యముతో తృప్తిపడక, కొన్ని ప్లేట్లలో ఒక నాటకమును వరుసగా పట్టి ‘డ్రామాసెట్టు’ అని అమ్ముటయు 1930 దశాబ్దమున సాగినది. 1943లో అమెరికాలోని న్యూయార్కు నగరమున ‘ఓక్లహోమా’ యను సంగీతనాటకమును, రంగముపై పాడినవారిచేతనే పాడించి, డెక్కా కంపెనీవారు ప్లేట్ల కట్టగా వెలువరించిరి. పాశ్చాత్యులు దానిని గొప్ప మలుపుగా చెప్పుకొందురు. నాటకశాల మొగము చూడని లక్షలమంది ఆ కట్ట విని నాటకమును తమదిగా చేసికొనిరి. మన యిండ్లలో కుక్కబొమ్మ ప్లేటుచుట్టు చేరిన స్త్రీల కా యనుభవము క్రొత్తది కాదు. కన్నులకు కనబడని రంగమును చెవితో కట్టుకొనుట ఏ దేశమున నైనను ఒక్కటియే. పడకసీనులో కృష్ణుని పట్టుతల్పము ఎట్లుండెనో, దుర్యోధనుడు ఏ వైపున కూర్చుండెనో ఒక్కొక్క యిల్లాలు ఒక్కొక్క తీరున ఊహించుకొనును. అందుచేతనే ఆ రంగమునకు దుమ్ముపట్టదు, తెర చినుగదు.

ఇచ్చట మనము తప్పక తలచుకొనవలసినవారు స్థానం నరసింహారావుగారు. 1902లో జన్మించి, స్త్రీపాత్రలతోనే ఆంధ్రదేశమును మెప్పించి, 1956లో పద్మశ్రీ బిరుదమందిన మహానటులు. ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణతులాభారము’లో సత్యభామ వేషమునకై ‘మీరజాలగలడా’ యను పాటను వారే వ్రాసికొని పాడిరి. భర్త తన మాట దాటిపోగలడా యని ఒక స్త్రీ గర్వించుట ఆ పాటలోని విషయము. వ్రాసినది పురుషుడు, పాడినది పురుషుడు. కాని వినినది, లోలోన నవ్వుకొనినది, వంటయింట పని చేసికొనుచు సన్నగా అనుకొనినది మన యమ్మమ్మలు. పెండ్లియైన పిల్ల గొంతెత్తి పాడినచో పెద్దలు కోపించు ఇండ్లు అప్పుడు తక్కువ కావు. యంత్రము పాడుచుండగా దాని చాటున గొంతు కలిపినవా రెందరో! 1885లో పుట్టిన సురభి సమాజమునందు స్త్రీలే స్త్రీపాత్రలు ధరించి పాడిరి గాని, గృహస్థురాలికి ఆ స్వేచ్ఛ లేదు. 1966లో తులాభారము చలనచిత్రముగా వచ్చినప్పుడు అదే పాటను పి. సుశీలగారు పాడగా, జమునగారు సత్యభామగా కనబడిరి. పురుషుని గొంతునుండి స్త్రీల పెదవులకును, అచ్చటనుండి స్త్రీ గొంతునకును ఆ పాట నడచివచ్చిన దారిలో మన యిండ్ల నడవ యొక మజిలీ. దాని నెవరును చరిత్రలో వ్రాయలేదు.

పిమ్మట పరికరములు మారినవి. 1948 డిసెంబరు 1వ తేదీన బెజవాడ ఆకాశవాణి కేంద్రము పుట్టినది. పద్యము రేడియోలో వినబడసాగినది. ఎల్‌.పి. ప్లేట్లు, కాసెట్లు వచ్చినవి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో నటకులు గుఱ్ఱం జాషువా కవిగారి శ్మశానపద్యములను చేర్చి పాడుట అలవాటైనది, డి.వి. సుబ్బారావుగారి గొంతున ఆ సీను పల్లెల మైకుసెట్లలో మారుమ్రోగినది. ఇప్పుడు సెల్‌ఫోనులో వ్రేలితో తట్టిన చాలును, పాత ప్లేటు పాడును. మధ్యమధ్య చిటపటలు గూడ వినబడును. ఆ చిటపటలు విసుగు కలిగించుట లేదు సరికదా, అవి లేనిచో పద్యము కొరతగా నున్నదని మా యెరుకలోని పెద్దలు కొంద రందురు.

ఇన్ని వచ్చిన తరువాత ఇంటిలోని లక్కబిళ్ల లెందుకని కొందరు పాతసామానులవానికి తూకమునకిచ్చుచున్నారు. అట్లు చేయవలదని మా ప్రార్థన. పెద్ద నటకుల ప్లేట్లు అనేకచోట్ల దొరకవచ్చును గాని, చిన్న నటకులవి, మరచిపోయిన సమాజములవి మీ యటకమీద నున్న ఒక్క ప్రతియే మిగిలినది కావచ్చును. వానిని కాపాడుట కష్టము కాదు. ఒకదానిపై నొకటి పేర్చక పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. ఎండకు, పొయ్యివేడికి దూరముగా నుంచవలెను. మా తిరువూరి వేసవి మామిడికాయకు మేలు చేయునేమో గాని లక్కకు చేయదు, వంకరపోవును. మెత్తని పొడిబట్టతో గీతల వెంట గుండ్రముగా తుడువవలెను. స్పిరిటు మాత్రము తగులనీయరాదు. లక్క దానిలో కరగిపోవును. ఉక్కుముల్లును ఒక్క వైపునకు వాడి మార్చవలెను. నేటి ఎల్‌.పి. యంత్రపు సూది ఈ గీతలకు సరిపడదు కనుక దానిపై పెట్టరాదు. తెలిసినవారిచేత ఒక్కమారు పాడించి, కంప్యూటరులోనికి ఎక్కించుకొనినచో ప్లేటునకు విశ్రాంతియు, మీకు నిశ్చింతయు కలుగును.

ప్లేటు లేని యిండ్లవారు చింతింపనక్కరలేదు. మీ యింట ఎనుబదియేండ్ల యమ్మమ్మయో నాయనమ్మయో యున్నచో, ఆమె మనస్సే ప్లేటు. రాయబారమో, తులాభారమో, కాటిసీనో, ఏదో యొకటి యామెకు వచ్చియుండును. ‘నాకేమి వచ్చునే తల్లీ’ యని మొదట తప్పించుకొనును. బలవంతపెట్టుడు. ఆమె పాడుచుండగా సెల్‌ఫోనులో పట్టి, ఆమె పేరును, ఊరును, ఆ పద్యము నెవరి ప్లేటువలన నేర్చినదో ఆ వివరమును చెప్పించి దాచుడు. పిదప ఇంటిలోని ఆడుపిల్లకు, మగపిల్లవానికి గూడ, ఆ ఒక్క పద్యమును రాగముతో నేర్పుడు. నాడు చాటున పాడుకొనిన గొంతు నేడు మనుమల యెదుట బిగ్గరగా పాడవలెను. పాడిన పిమ్మట ‘వన్సుమోర్’ అని మొదట కేక వేయవలసినవారు మీరే.