మగ్గం కూడా పాఠమే

అబ్బాయి చదువుకి బెంగళూరైనా దూరం కాదు, అమ్మాయికి మాత్రం కర్నూలే దూరం! ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లల్లో ఈ లెక్క తెలియనిదెవరికి? 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం రాకముందు మన కాలేజీలన్నీ అనంతపురం కిందే ఉండేవి. ఇప్పుడు వర్సిటీ జిల్లాలోకే వచ్చింది. సరే, అందులో మన ఊరెక్కడుంది?

మారిషస్ దీవినే చూడండి. వందేళ్లకు పైగా క్రితం చెరకుతోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్ల పిల్లలు ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుతూనే అక్కడి మహాత్మాగాంధీ సంస్థలో తెలుగూ నేర్చుకుంటున్నారు. ఒకటి కోసం ఇంకొకటి వదులుకోలేదు.

మనకేం తక్కువ? 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోది. నేటికీ బజారులో బేరం తెలుగులో మొదలై, కన్నడంలోకి మళ్లి, ఉర్దూలో తెగుతుంది. భాషలు చదివే పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి? (మన యాసని వెక్కిరించేవాళ్లు కాస్త వినాలి ఈ మాట.) ఆదోని యార్డులో పత్తి ధర ఎందుకు పడిందో తెలియాలంటే విదేశీ మార్కెట్ల సంగతీ చదవాల్సిందే. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారి చొరవతో 1938లో మొదలైన చేనేత సహకార సంఘం కథ కామర్సు విద్యార్థినికి పెద్ద పాఠం. నూలు లెక్కా తెలియాలి, పైదేశం వాళ్లకి ఇంగ్లీషులో ఉత్తరం రాయడమూ రావాలి.

అందుకే వర్సిటీ పెద్దలకి ఒక మనవి. మా అమ్మాయి తన ప్రాజెక్టుకి ఇంటి మగ్గాన్నే ఎంచుకుంటే, "ఇదేం టాపిక్కమ్మా" అని పక్కన పెట్టకండి. తల్లిదండ్రులకీ ఒక మాట: హాస్టల్ ఫీజు కట్టేముందు పెళ్లిఖర్చు లెక్క తీయకండి.