బిల్లులో రెండు పద్దులు

మా ఎర్రుపాలెంలో ఒక విద్యార్థి తండ్రి గత నెలలో ఆస్పత్రి బిల్లు పట్టుకుని నా వద్దకు వచ్చారు. ఆయన భార్యకు క్యాన్సర్. "మౌల్వీ సాబ్! ఇంకా ఒక్కరోజైనా కరెంటు పెట్టలేదు. అప్పుడే ప్లానింగ్ పేరిట ఇంత సొమ్ము వ్రాశారు. ఇది మోసం కాదా? ఇక అక్కడికి వెళ్ళం" అన్నారు.

నేను వైద్యుడను కాను. కనుక తెలిసిన డాక్టరును విచారించాను. రేడియేషన్‌కు ముందు, చికిత్స పొందే భంగిమలోనే రోగిని పడుకోబెట్టి సీటీ స్కాన్ తీస్తారు. తల, మెడ భాగాలకైతే కదలకుండా మాస్కు తయారుచేస్తారు. డాక్టరు ఆ చిత్రాలపై కణితిని, కాపాడవలసిన అవయవాలను గుర్తిస్తారు. కిరణాలు ఏ దిక్కు నుండి, ఎంత మోతాదులో ప్రసరించాలో భౌతిక శాస్త్ర నిపుణుడు కంప్యూటరుపై లెక్కిస్తారు. ఈ శ్రమలో అధిక భాగం రోగి కంటికి కనబడదు. అయినా ఆ లెక్క తప్పితే ఆరోగ్యకరమైన అవయవమే దెబ్బతింటుంది.

ప్లానింగ్ పద్దు సాధారణంగా చికిత్స మొత్తానికి ఒక్కసారే ఉంటుంది. కిరణాల పద్దు మాత్రం ఎన్ని రోజులు పెడితే అన్నిసార్లు. అమెరికాలో ప్రతి పనికీ ఒక అంకె కేటాయించారు. ఐఎంఆర్‌టీ పద్ధతి ప్లానింగ్‌కు 77301. చేసిన పని, వ్రాసిన పద్దు సరిపోవాలన్నదే దాని ఉద్దేశం. కణితి కుదించుకుపోయినా, రోగి బాగా చిక్కిపోయినా మళ్ళీ ప్లానింగ్ అవసరం కావచ్చు. అప్పుడు కారణం వ్రాసి ఇమ్మని అడగండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఇందులో చికిత్సకు ప్యాకేజీ ధర ఉంటుంది. మనకు విజయవాడ దగ్గరే, కాని అది వేరే రాష్ట్రం. రైలెక్కే ముందే ఆ ఆస్పత్రి మన పథకంలో ఉన్నదా, ప్లానింగ్ కూడా ప్యాకేజీలో చేరినదా అని విచారించండి. పథకంలోని ఆస్పత్రులలో ఆరోగ్యమిత్రను అడగవచ్చు. హైదరాబాదులో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి కూడా కలదు.

ఖురాన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు అప్పు పత్రం వ్రాసుకోవడం గురించినదే. లెక్క అమానత్. విచారించకుండా నింద మోపడం ఎంత తప్పో, తప్పు కనబడినా మౌనం వహించడం అంతే తప్పు. అన్నిటికంటే పెద్ద నష్టం అనుమానంతో చికిత్స మానుకోవడం.

ఆ సోదరుడు మరునాడే భార్యను తీసుకువెళ్ళారు. కరెంటు పెట్టిన ప్రతి రోజునూ ఇప్పుడు నోటుబుక్కులో తానే వ్రాసుకుంటున్నారు.