చివరన నిలబడ్డవాళ్ళు ఫోటోలో మిగలాలంటే

పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు అయిపోయాక ప్రతి ఇంట్లోనూ ఒక పని వెనకబడిపోతుంది, ఫోటోలు ప్రింటు వేయించడం. "స్టూడియోలో ఇచ్చేస్తే వాళ్ళే చూసుకుంటారులే" అంటారు మగవాళ్ళు. "ఫోన్‌లో ఉన్నాయి కదమ్మా, ఇంకా ప్రింటెందుకు" అంటారు పిల్లలు. నేను రెండూ ఒప్పుకోను. ప్రింటు వేయించాలి. కాగితం సైజు దగ్గర్నుంచి అన్నీ ఇంట్లోవాళ్ళే, ముఖ్యంగా ఆడవాళ్ళే, చెప్పి వేయించాలి. స్టూడియోవాళ్ళకు పని రాదని కాదు. ఆ ఫోటోలో ఎవరు ఎవరో వాళ్ళకు తెలియదు, మనకు తెలుసు.

లెక్క చాలా సులువు. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్లు వాడే పెద్ద కెమెరాల ఫోటో సాధారణంగా 3:2 కొలతలో ఉంటుంది. అంటే వెడల్పు 12 అంగుళాలైతే ఎత్తు 8. దాన్ని 12×8 కాగితం మీద వేస్తే ఏమీ పోదు. కానీ మనం ముందే ముచ్చటపడి కొనేసిన ఫ్రేము 10×8ది. కాగితం నిండా రావాలంటే వెడల్పులో 2 అంగుళాలు కోసేయాల్సిందే. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. వరసలో 12 మంది ఇరుక్కుని నిలబడ్డారనుకోండి, మనిషికి అంగుళం చొప్పున. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు మాయం.

ఆ చివర్లలో నిలబడేది ఎవరు? మధ్యలో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. వాళ్ళ పక్కన అమ్మానాయన, ఆ పక్కన మేనమామలు, పెద్దల్లుడు. వంటల దగ్గర్నుంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఆఖర్న వచ్చిన చిన్న కోడలు చివరన నిలబడుతుంది. భర్త పోయిన పెద్దమ్మ, ఎవరూ ఏమీ అనకపోయినా, తనే ఒక అడుగు పక్కకు జరుగుతుంది. మిషనుకు పక్షపాతం లేదు, ఎవరి ఫోటో అయినా ఒకేలా కోస్తుంది. చివరన ఎవరుండాలో మాత్రం మన ఇళ్ళల్లోని పద్ధతి తేల్చేస్తుంది. కోత వాళ్ళ మీదే పడుతుంది.

హిందూపురంలో మా బంధువులింట్లో గోడకు ఒక పెళ్ళి ఫోటో ఉంది. కుడి అంచున ఆకుపచ్చ చీర కట్టిన ఒక భుజం, గాజుల చేయి సగం కనిపిస్తాయి. ఎవరని అడిగితే "మా పిన్నమ్మ" అన్నారు. ఆ పెళ్ళికి మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడింది ఆమే. ఇప్పుడు ఆమె లేదు. ఆ గోడ మీద ఆమెకు మిగిలింది ఆ భుజమే.

ఫోన్ ఫోటోల సంగతి ఇంకోలా ఉంటుంది. చాలా ఫోన్లలో మామూలుగా తీసేది 4:3. దాన్ని అందరూ వేయించే 6×4లో నిండుగా వేస్తే తొమ్మిదో వంతు పోతుంది. ఫోన్ అడ్డంగా పట్టి తీస్తే పైన తలలో, కింద కూర్చున్న పిల్లల కాళ్ళో పోతాయి. నిలువుగా తీస్తే పక్కలు పోతాయి. అదే 8×6 వేయిస్తే ఏమీ పోదు. కాబట్టి ఇంతే గుర్తుపెట్టుకోండి: ఫోన్ ఫోటోకు 8×6, కెమెరా ఫోటోకు 6×4, 12×8, 18×12. ముందు ప్రింటు, ఆ తర్వాతే ఫ్రేము.

స్టూడియోలో పిల్లాడు "ఎయిట్ టెన్ వేసేద్దామా అక్కా?" అంటాడు. "వేయి నాయనా, కానీ ఏ వైపూ కోయొద్దు. పైనా కిందా తెల్లంచు వచ్చినా పర్వాలేదు" అని చెప్పండి. "బాగుండదక్కా" అంటాడు. బాగుంటుంది. మన అవ్వల కాలం నాటి నలుపు తెలుపు ఫోటోలు తీసి చూడండి, చాలావాటికి చుట్టూ తెల్లంచే ఉంటుంది. వేసేముందు స్క్రీన్ మీద ఒకసారి చూపించమనండి, చివర్ల నుంచి లెక్కపెట్టుకోండి. పెద్ద సైజు కావాలంటే ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, అది కుదించి పంపుతుంది. అలా వచ్చిన ఫోటో 6×4కు సరిపోతుందేమో గానీ 18×12కు మొహాలు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

ఇక కాగితం. గోడకు, అందులోనూ కిటికీకి ఎదురుగా పెట్టేదైతే మ్యాట్ మేలు, వెలుతురు పడి మెరవదు. గ్లాసీ మీద రంగులు నిండుగా కనిపిస్తాయి గానీ వేలిముద్రలు పడతాయి. ధర్మవరం పట్టుచీర కట్టుకుని దిగిన ఫోటో ఆల్బంలోకైతే నేను గ్లాసీయే అంటాను. ఆ పెద్దంచు జరీ, రెండు రంగుల నేత మెరుపు మ్యాట్ మీద కాస్త తగ్గుతాయి. ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి: "మొహాలు తెల్లగా చేయొద్దు." మొహం కోసం ఫోటో అంతా వెలుతురు పెంచితే జరీలోని పనితనం కూడా తెల్లగా కలిసిపోతుంది. నెలల తరబడి మగ్గం మీద కూర్చునే ఊళ్ళో పుట్టిన చీరకు అది అన్యాయం. చామనఛాయ పిల్లకు అంతకంటే పెద్ద అన్యాయం.

ఇంట్లో ప్రింటరు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పెనుకొండలో మా ఆడబిడ్డ ఇంట్లో పిల్లల చదువుల కోసం ఒకటి కొన్నారు. ఫోటో పేపరు పెట్టి, సెట్టింగులో "ప్లెయిన్ పేపర్" అనే వదిలేస్తే, మిషను ఆ కాగితానికి తగ్గట్టు సిరా వదలదు, రంగులు వెలవెలబోతాయి. పేపర్ సైజు ఎ4 అని ఉంచి చిన్న కాగితం పెడితే బొమ్మ ఎక్కడో పడుతుంది. "బోర్డర్‌లెస్" పెడితే బొమ్మను కొంచెం పెంచి వేస్తుంది, నాలుగు వైపులా కాస్త పోతుంది. దరఖాస్తుకు 3.5 × 4.5 సెంటీమీటర్ల ఫోటోలు వేసేటప్పుడు "ఫిట్ టు పేజ్" తీసేసి 100 శాతం పెట్టాలి, లేకపోతే కొలత మారిపోతుంది. కత్తిరించేముందు స్కేలు పెట్టి చూడండి.

"ఇంత చిన్నదానికి ఇంత రచ్చా?" అంటారేమో. మనకు దగ్గర్లోనే ఉన్న లేపాక్షి గుడి కప్పు చూడండి. 16వ శతాబ్దంలో వేసిన ఆ బొమ్మల్లో గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ మాత్రమే లేరు, వెంట వచ్చిన పరివారమూ ఉంది. అందరికీ చోటు చూశారు ఆ చిత్రకారులు. మనం చూడలేమా? ఫోన్‌లో వేల ఫోటోలుంటాయి, నిజమే. కానీ చూపు తగ్గిన అవ్వ ఫోన్ తిప్పుతూ కూర్చోదు. గోడ మీద ఉన్నవాళ్ళనే రోజూ చూస్తుంది, వచ్చినవాళ్ళకు చూపించి పేరుపేరునా చెప్తుంది. అక్కడ లేనివాళ్ళ పేరు మెల్లగా మాటల్లోంచీ జారిపోతుంది.

ఈసారి గ్రూప్ ఫోటో తీసేటప్పుడు రెండు పక్కలా కొంచెం ఖాళీ వదలమని చెప్పండి. ప్రింటుకు ఇచ్చేముందు ఆ చివర, ఈ చివర ఉన్న ఇద్దరూ ఎవరో చూసుకోండి. మీ ఇంటి ఫోటోల్లో ఆ ఇద్దరూ ఎవరు?