ఇంటి కుట్టు తగ్గింది... బట్టల ఆయువూ తరిగింది

ఇంట్లో కుట్టుకున్న బట్ట ఏళ్ల తరబడి నిలుస్తుందని, అంగట్లో కొన్నది ఏడాది తిరగకుండానే మూలపడుతుందని మధ్యతరగతి ఇళ్లలో తరచు వినిపించే మాట. ఇందులో కొంత వాస్తవం ఉంది. కొంత గతంపై మమకారమూ ఉంది. అయితే ప్రపంచవ్యాప్తంగా దుస్తుల ఉత్పత్తి పెరుగుతూ, వాటిని ధరించే కాలం తరుగుతున్న నేపథ్యంలో ఈ మాటను కేవలం పాతకాలపు ముచ్చటగా కొట్టిపారేయటానికి వీలు లేదు. ఇంటి కుట్టు నిజంగా ఎక్కువ కాలం మన్నుతుందా? మన్నితే అందుకు కారణం దారమా, గుడ్డా, కుట్టిన చేయా? దేశ వస్త్ర రంగ భవితవ్యంతో ముడిపడిన ప్రశ్నలివి.

బ్రిటన్ కేంద్రంగా పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం 2000-2015 సంవత్సరాల మధ్య ప్రపంచ దుస్తుల ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది. అదే కాలంలో ఒక్కో దుస్తును పారవేసే లోగా ధరించే పర్యాయాలు 36 శాతం తగ్గాయి. వాడి పారేసిన బట్టల నుంచి తిరిగి బట్టలుగా రూపొందుతున్నది ఒక శాతం లోపే. అంటే ఉత్పత్తి పెరిగింది, వినియోగ కాలం తగ్గింది, మిగిలినది చెత్తకుప్పలకు చేరుతోంది.

చిరగక ముందే మూలకు

దుస్తుల ఆయువు అనగానే బట్ట చిరిగే దాకా ఎంతకాలం పడుతుందన్న లెక్కే స్ఫురిస్తుంది. వాస్తవం ఇందుకు భిన్నం. నార్వే వినియోగ రంగ పరిశోధకులు ఇళ్లలో పక్కన పెట్టేసిన దుస్తులను పరిశీలించినప్పుడు చిరగటం, వెలవటం, సాగిపోవటం వంటి కారణాలు సుమారు సగం దుస్తులకే వర్తించాయి. మిగిలిన వాటిలో అధిక భాగం ఒంటికి సరిపోక, లేదా మనసుకు నచ్చక మూలపడినవే. బట్ట బతికి ఉండగానే దాని వాడకం ముగిసిపోతున్నదన్న మాట.

భారతీయ వస్త్రధారణలో ఇందుకు చక్కని నిదర్శనం చీర, రవిక. చీరకు కొలత లేదు. ఒళ్లు చేసినా, చిక్కినా అదే చీర సరిపోతుంది. తల్లి చీర కూతురికి, అత్త చీర కోడలికి చేరటానికి అడ్డేమీ ఉండదు. ధోవతి, కండువాల సంగతీ ఇంతే. కొలత పెట్టి కుట్టేది రవిక ఒక్కటే. అందుకే ఒక్క పట్టుచీర జీవితకాలంలో మూడు నాలుగు రవికలు మారటం సర్వసాధారణం. బిగుతయ్యేది చీర కాదు, రవికే.

ఈ చిక్కును మన దర్జీలు ఏనాడో గుర్తించారు. రవిక పక్క కుట్ల వద్ద గుడ్డను ఉదారంగా లోపలికి వదిలి, ఒకదాని పక్కన ఒకటిగా రెండు మూడు వరుసలు కుట్టటం దక్షిణాదిలో స్థిరపడిన పద్ధతి. బిగుతైనప్పుడు లోపలి వరుస విప్పితే చాలు, రవిక మరి రెండేళ్లు పనికొస్తుంది. ఆడపిల్లల పరికిణీలకు కింద మడతలు వేసి కుట్టి, పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కో మడత విప్పటం కూడా ఇటువంటిదే. ఎదిగే పిల్లలకు ప్యాంటు కాళ్ల వద్ద గుడ్డ ఎక్కువగా మడిచి కుట్టించటం తల్లిదండ్రులు అనుభవంతో నేర్చిన పొదుపు.

లోపలి గుడ్డలోనే కిటుకు

ఇంటి కుట్టుకూ కర్మాగారపు కుట్టుకూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. కుట్టు సాఫీగా, సమంగా పడటంలో కర్మాగారపు యంత్రాలదే పైచేయి. అంచు కత్తిరిస్తూనే పోగులు ఊడకుండా అల్లివేసే ఓవర్‌లాక్ మిషను పనితనం ఇంటి మిషనుకు రాదు. కాని అదే యంత్రం సవరణకు ఉపయోగపడే గుడ్డను కూడా కత్తిరించి పారవేస్తుంది. ఎగుమతి దుస్తుల తయారీలో కుట్టు వెలుపల మిగిల్చే గుడ్డ సాధారణంగా ఒక సెంటీమీటరు, లేదా అంతకంటే తక్కువ. ఇంట్లో కుట్టేవారు అంతకు మించి వదులుతారు. దర్జీలు రవికకు వదిలేది ఇంకా ఎక్కువ.

ఇది కర్మాగారాల నిర్లక్ష్యం కాదు. దుస్తు తయారీ వ్యయంలో పెద్ద పద్దు గుడ్డదే. లక్ష చొక్కాల ఆర్డరులో ఒక్కో కుట్టు వద్ద అర సెంటీమీటరు ఆదా చేస్తే మిగిలే గుడ్డ విలువ తక్కువేమీ కాదు. పోటీ బేరంలో ఆ ఆదాయే లాభనష్టాలను నిర్ణయిస్తుంది. ఆ ఆదా కొనుగోలుదారుకు తక్కువ ధర రూపంలో కొంతవరకు అందుతుంది. దానితోపాటే, విప్పి వదులు చేసుకునే అవకాశం చేజారుతుంది.

అంతమాత్రాన ఇంట్లో కుట్టిన ప్రతి బట్టా దీర్ఘాయువుతో పుడుతుందనుకోవటం పొరపాటు. నూలు గుడ్డను ముందుగా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టకుండా కత్తిరిస్తే మొదటి ఉతుకుకే కురచవుతుంది. పోగు వాలు చూడకుండా కత్తిరించిన బట్ట కొద్దికాలంలోనే మెలిపడి వేలాడుతుంది. అంచులు మడవకుండా వదిలితే పోగులు ఊడి కుట్టు జారిపోతుంది. పలుచని నూలు గుడ్డను గట్టి పాలియెస్టర్ దారంతో కుట్టినప్పుడు తెగేది దారం కాదు, గుడ్డ. తెగిన కుట్టును మళ్లీ వేయవచ్చు. చిరిగిన గుడ్డను అతకటం కష్టం. అందుకే దారం గుడ్డ కంటే కొంచెం బలహీనంగా ఉండటమే మేలన్నది అనుభవజ్ఞులైన కుట్టుపనివారి సూత్రం. కొత్తగా నేర్చుకునేవారి తొలి బట్టలు ఎక్కువ కాలం నిలవకపోవటానికి ఇవే కారణాలు.

కాబట్టి తేలుతున్నదేమిటి? చేతితో కుట్టటం ఒక్కటే మన్నికకు హామీ కాదు. గుడ్డ ఎంపిక, లోపల వదిలిన కొలత, సవరించగల నేర్పు, ఈ మూడూ కలిసినప్పుడే బట్ట నిలుస్తుంది. కుట్టిన వ్యక్తి ఇంట్లోనే ఉంటే మూడోది సులభసాధ్యం. బట్ట ఎక్కడ విప్పాలో, ఎంత మిగిలి ఉందో కుట్టిన చేతికి తెలుసు. ఇంటి కుట్టు బలం చాలావరకు దీనిలోనే ఉంది.

గాంధీజీ మినహాయింపు

దేశంలో కుట్టు మిషనుకు దక్కిన గౌరవం మరే యంత్రానికీ దక్కలేదు. యంత్రాలపై తీవ్ర విమర్శలు చేసిన గాంధీజీ సైతం 1924లో సింగర్ కుట్టు మిషనును మినహాయింపుగా పేర్కొన్నారు. మనిషి శ్రమను తగ్గించేదే కాని, మనిషిని తొలగించేది కాదన్నది ఆయన భావం. 1930 దశకంలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ ప్రారంభమయింది. స్వాతంత్ర్యానంతరం కుట్టు మిషను పెళ్లి సారెలోనూ, వితంతువుల జీవనోపాధి పథకాలలోనూ స్థిరమైన చోటు సంపాదించింది.

కొరత కాలంలో ఈ విద్యకు విలువ పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ 1941 జూన్‌లో దుస్తులకు రేషన్ విధించి, పాత బట్టలనే సరిచేసుకుని వాడుకోవాలని ప్రజలకు నచ్చజెప్పింది. ఇక్కడ 1943లో వస్త్ర నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. ఆ తర్వాత చాలాకాలం గుడ్డ కొని దర్జీకి ఇవ్వటమో, ఇంట్లో కుట్టుకోవటమో తప్ప సామాన్యుడికి మరో మార్గం లేదు.

ఆర్థిక సంస్కరణల దశలో పరిస్థితి మారింది. రెడీమేడ్ దుస్తుల తయారీని చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించిన నిబంధనను 2000 సంవత్సరపు జాతీయ జౌళి విధానం సడలించింది. అంతర్జాతీయ వాణిజ్యంలో మూడు దశాబ్దాలు కొనసాగిన కోటాల పద్ధతి 2005 జనవరి 1తో అంతరించింది. పెద్ద పెట్టుబడులు, పెద్ద షాపులు, ఆ పై ఆన్‌లైన్ విక్రయాలు రంగప్రవేశం చేశాయి. 2020లో దేశంలో నిషేధానికి గురైన చైనా మూలాలున్న షీన్ సంస్థ 2025లో రిలయన్స్‌తో ఒప్పందం ద్వారా తిరిగి అడుగుపెట్టటం ఈ విపణిపై ఉన్న ఆశలకు సూచిక.

ఉపఖండపు ఉమ్మడి వారసత్వం

దక్షిణాసియా దేశాలకు దుస్తుల ఆయువు పెంచే విద్య ఉమ్మడి ఆస్తి. బెంగాల్, బంగ్లాదేశ్‌లలో పాత చీరలను, ధోవతులను పొరలుగా పేర్చి సన్నని టాకాలతో కుట్టే కాంథా, సింధు, కచ్ ప్రాంతాల రల్లీ, కర్ణాటక కౌది, మన పల్లెల బొంత, ఇవన్నీ ఒకే ఆలోచనకు వేర్వేరు రూపాలు. చిరిగిన చీర బొంతగా, బొంత చివరికి మసిగుడ్డగా మారేది. వాడిన కొద్దీ మెత్తబడి తడి పీల్చే నూలు గుడ్డకే ఇది సాధ్యం. ప్రపంచ నూలుపోగుల ఉత్పత్తిలో సగానికి మించిన వాటా నేడు పాలియెస్టర్‌దే. ఆ పోగు త్వరగా చిరగదు. కాని మెత్తని బొంతగానూ, నీరు పీల్చే మసిగుడ్డగానూ పనికిరాదు. వాడకం ముగిశాక కూడా అది భూమిలో కలవకుండా మిగిలే ఉంటుంది.

ఇదే ఉపఖండం చౌక దుస్తులకు ప్రపంచ కార్ఖానా కూడా. బంగ్లాదేశ్ ఎగుమతి ఆదాయంలో ఐదింట నాలుగు వంతులకు పైగా రెడీమేడ్ దుస్తుల నుంచే వస్తోంది. సుమారు 40 లక్షల మంది ఆ పనిపై ఆధారపడ్డారు. వారిలో స్త్రీలే అధికం. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించిన దుర్ఘటన చౌక ధర వెనుక ఉన్న మూల్యాన్ని లోకానికి చాటింది. మరోవైపు ఇతర దేశాల్లో వాడి వదిలిన బట్టలను భారీగా దిగుమతి చేసుకునే దేశాల్లో పాకిస్థాన్ ఒకటి. అక్కడి లండా బజార్లు పేదల బట్టల దుకాణాలు. మన పానిపట్టులో పాత ఉన్ని దుస్తులను చీల్చి, నూలుగా మార్చి దుప్పట్లు నేసే పరిశ్రమ విస్తరించింది.

దేశంలో ఏటా పోగుపడుతున్న వస్త్ర వ్యర్థాలు సుమారు 78 లక్షల టన్నులని 2022లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇందులో దాదాపు సగం ప్రజలు వాడి పారవేసినవే. స్టీలు సామాన్లకు పాత బట్టలు మార్చుకునే వీధి వర్తకులు, చిల్లర దర్జీలు, ఏరుకునే కార్మికులు లేకుంటే ఈ భారం మరింత పెరిగేది. వారి సేవ ఏ ఖాతాలోనూ కనిపించదు.

చౌక లెక్కలో చిక్కు

ధర ఒక్కటే చూసి బట్ట చౌకో, ప్రియమో తేల్చటం సరికాదు. ఉదాహరణకు 300 రూపాయల చొక్కా 20 సార్లు తొడిగాక మూలపడితే ఒక్కోసారికి పడిన ఖర్చు 15 రూపాయలు. గుడ్డ, కుట్టుకూలి కలిపి 700 రూపాయలైన చొక్కా 100 సార్లు నిలిస్తే ఒక్కోసారికి ఏడు రూపాయలే. అయితే నెల జీతంపై నెట్టుకొచ్చే కుటుంబం వద్ద ఒకేసారి 700 రూపాయలు ఉండకపోవచ్చు. పేదవాడు చౌక బట్టను పదేపదే కొనటానికి కారణం లెక్క తెలియక కాదు. చేతిలో సొమ్ము లేక.

మరో అంశమూ ఉంది. ఇంటి కుట్టును పొదుపుగా ఎంచేటప్పుడు గృహిణి వెచ్చించే గంటలకు వెల కట్టే అలవాటు లేదు. స్త్రీలు ఉద్యోగాల్లోకి వచ్చిన కొద్దీ ఆ గంటలు దొరకటం కష్టమయింది. ఇది ఆహ్వానించదగిన మార్పే. పాత పద్ధతికి తిరిగి వెళ్లాలని, స్త్రీ మళ్లీ మిషను ముందు కూర్చోవాలని కోరటం పరిష్కారం కాజాలదు. ఇంట్లో తరిగిన ఈ నేర్పు వీధి చివర దర్జీ వద్దనైనా నిలుస్తుందా అన్నదే ప్రశ్న.

పన్నుల విధానం ఈ దిశగా ఆలోచించినట్లు కనిపించదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల ప్రకారం 2,500 రూపాయల వరకు ఉన్న దుస్తులపై జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. కుట్టు మిషన్లపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గటం హర్షణీయం. కాని పన్ను కొలబద్ద ధరే తప్ప మన్నిక కాదు. ఒక సీజనుకు పనికొచ్చే బట్టకూ, పదేళ్లు నిలిచే బట్టకూ ధర ఒకటే అయితే పన్నూ ఒకటే.

చేయవలసినదేమిటి?

ఐరోపా దేశాలు మరో దారి పట్టాయి. ఫ్రాన్స్ 2023 చివరి నుంచి బట్టలు, చెప్పుల మరమ్మతుకు 6 నుంచి 25 యూరోల వరకు రాయితీ ప్రవేశపెట్టింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాజ నిబంధనావళి అమ్ముడుపోని దుస్తులను ధ్వంసం చేయకుండా పెద్ద సంస్థలపై 2026 జులై నుంచి నిషేధం నిర్దేశించింది. దుస్తుల మన్నికకు ప్రమాణాలు నెలకొల్పటం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి. అక్కడికి ఎగుమతి చేసే తిరుప్పూరు, ఢాకా పరిశ్రమలు ఇందుకు సిద్ధం కాక తప్పదు.

మన వద్ద పునాది ఇప్పటికే ఉంది. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ వృత్తి ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, తక్కువ వడ్డీకి రుణం అందుతాయి. కొత్త బట్ట కుట్టటంతోపాటు పాత బట్ట సవరించటాన్ని కూడా శిక్షణలో భాగం చేస్తే వీధి దర్జీకి ఏడాది పొడవునా పని దొరుకుతుంది. ప్రభుత్వాలు ఏటా పంపిణీ చేసే బడిపిల్లల యూనిఫారాలకు పక్కల్లోనూ, కింది అంచులోనూ విప్పుకునేందుకు గుడ్డ వదలాలన్న నిబంధన చేరిస్తే అదనపు ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం. ఎదిగే పిల్లవాడికి జూన్‌లో ఇచ్చిన నిక్కరు ఫిబ్రవరిలోనూ సరిపోవాలి కదా.

బట్ట ఎంతకాలం మన్నుతుందన్నది నేత మగ్గం వద్దో, కుట్టు మిషను వద్దో పూర్తిగా తేలే విషయం కాదు. బిగుతైన రోజున దాన్ని విప్పి మళ్లీ కుట్టగల చేయి ఆ ఊళ్లో ఉందా లేదా అన్నదానిపై అది ఆధారపడుతుంది. ఆ చేతికి పని, ఆ పనికి తగిన కూలి దక్కేలా చూడకుండా, వ్యర్థాల గుట్టలు పెరుగుతున్నాయని ఆందోళన చెందటం వల్ల ఒనగూరేది శూన్యం.