లోపలికి పోబుద్ధి కాని రోజు

శ్రీశైలం బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవిలోకి దిగాక మనమందరం చేసే పనులు రెండే. కిటికీ జరిపి కోతుల్ని చూడటం, సిగ్నల్ పోయిందని ఫోన్‌ని తిట్టుకోవడం. దోమలపెంట వచ్చిందంటే ఇంక డ్యామ్ దగ్గరికొచ్చినట్టే అని బ్యాగులు సర్దుకుంటాం. ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ ఊరి దగ్గర్నుంచే ఒక సొరంగం కొండలోకి పోతోందని, దాని చివర మనుషులు షిఫ్టుల్లో పని చేస్తున్నారని 2025 ఫిబ్రవరి 22 దాకా నేను పట్టించుకోలేదు. సివిల్ చదువుతున్నవాణ్ణి, అందులోనూ పాలమూరువాణ్ణి. సిగ్గుపడాల్సిన సంగతే.

ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. శ్రీశైలం నీళ్లు నల్గొండ పొలాలకు, ఫ్లోరైడ్ ఊళ్లకు పోవాలని తవ్వుతున్నది. పైన పులుల అభయారణ్యం కాబట్టి నడుమ ఎక్కడా పక్కదారి తవ్వలేదు. ఇటు దోమలపెంట, అటు మన్నెవారిపల్లి, రెండు కొసల నుంచే పని. ఆ రోజు పొద్దున లోపల సుమారు 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలింది. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ మెట్రో లైన్ 29 కిలోమీటర్లు. అందులో సగం దూరం చీకట్లో, ఒక్కటే దారి ఉన్న గొట్టంలో ఊహించుకోండి. నీళ్లు, బురద, రాళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. చాలామంది బయటపడ్డారు. ఎనిమిది మంది పడలేదు. ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరు మెషిన్ ఆపరేటర్లు, జార్ఖండ్ నుంచి వచ్చిన నలుగురు కూలీలు.

ఆర్మీ, నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి రెస్క్యూ టీములు, కేరళ పోలీసు కుక్కలు, ర్యాట్ మైనర్లు, అందరూ వచ్చారు. మార్చి 9న ఒక ఆపరేటర్ శవం, మార్చి 25న ఒక ఇంజనీరు శవం దొరికాయి. రెండు నెలలు దాటాక ఏప్రిల్‌లో, చివరి ముక్కలోకి పోతే వెతికేవాళ్ల ప్రాణాలకే ప్రమాదమని పని ఆపేశారు. నలుగురు కూలీల్లో ఒక్కరు కూడా, శవంగానైనా, ఇంటికి చేరలేదు.

ఆ నెలంతా మా క్లాసులో దీని గురించే మాట. రాతిలో బలహీనమైన పొర, ముందుగా బోరు వేసి చూడటం, సెగ్మెంట్ల వెనక గ్రౌటింగ్, టీబీఎం ఎందుకు తట్టుకోలేదు. అవసరమైన ప్రశ్నలే, కాదనను. సొరంగంలో ఆ భాగం ప్రమాదకరమని 2020లోనే ఒక సర్వే హెచ్చరించిందని పత్రికలు రాశాయి. చాలాకాలం ఆగిన పని మళ్లీ మొదలైన కొద్ది రోజులకే ఇది జరిగింది. నీటి ఊట అక్కడ కొత్త కాదు. అంటే కాగితం మీద సమాచారం ఉంది, గోడల మీద తడి ఉంది. ఆ పొద్దున షిఫ్టుకి ఎక్కినవాళ్లలో ఎవరికైనా లోపలికి పోబుద్ధి కాలేదా, కాకపోతే ఆ మాట ఎవరితోనైనా అనగలిగే వీలుందా అని మాత్రం మాలో ఎవరం అడగలేదు. జవాబు ఇప్పుడు దొరకదు. కానీ అడగాలని తట్టకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని డ్యాముల మీదికి, కాలువల మీదికి పోయినవాడు. దసరా పోయాక పోయేది, వానలకు వచ్చేది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఒక పేరుండేది, మట్టి పని వాళ్లలా ఇంకెవరూ చెయ్యలేరని. ఆ పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం. నాయనమ్మ మాత్రం వేరేది చెప్తది. "పోయే ముందు రాత్రి మీ తాతకు నిద్ర పట్టకపోయేది. ఏమైందంటే ఏం లేదనేటోడు. అడ్వాన్సు తిన్నంక పోనంటే నడుస్తదా?" మానసిక ఆరోగ్యం అన్న మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. నిద్ర పట్టని రాత్రి మాత్రం తరతరాలుగా ఉంది. ఇప్పుడు అదే పాలమూరు కొండ కింద పని చెయ్యడానికి జార్ఖండ్ నుంచి పిల్లలు వస్తున్నారు. వాళ్ల అమ్మలూ ఇట్లాంటి కథలే చెప్తుండొచ్చు.

ఇక నా సంగతి. పోయిన ఎండాకాలం ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. రోజూ పొద్దున సేఫ్టీ మీటింగ్ ఉండేది. పది నిమిషాలు, తెలుగులో. వింటున్నవాళ్లలో సగానికి పైగా తెలుగు రానివాళ్లు. చివర్లో సంతకాలు, వేలిముద్రలు. రిజిస్టర్ మాత్రం కళ్లకద్దుకునేలా ఉండేది. ఒకరోజు రాడ్ బెండింగ్ చేసే ఒక పిల్లగాడు, నా వయసే ఉంటుంది, తొమ్మిదో అంతస్తు అంచు కాలమ్‌ల దగ్గరికి ఈరోజు పోనన్నాడు. రాత్రి ఇంటి నుంచి ఫోన్ వచ్చిందట, ఏదో కష్టం, తెల్లార్లూ మేలుకునే ఉన్నాడట. "సర్ ఘూమ్ రహా హై" అన్నాడు, తల తిరుగుతోందని. సూపర్‌వైజర్ పెద్ద గొంతు కూడా చెయ్యలేదు. "పోకుంటే హాజిరీ కట్" అన్నాడంతే. పిల్లగాడు బెల్ట్ పెట్టుకుని పైకి పోయాడు. నేను పక్కనే ఉన్నాను. చేతిలో చెక్‌లిస్ట్ ఉంది. హెల్మెట్ ఉందా, ఉంది. బెల్ట్ ఉందా, ఉంది. టిక్కు పెట్టాను.

ఏం కాలేదు. సాయంత్రం మామూలుగానే దిగాడు. ఏం కాలేదు కాబట్టే అది ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఇట్లా రాయని రోజులు ఎన్ని ఉంటాయో ఆలోచిస్తే నాకూ తల తిరుగుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సేఫ్టీనీ మానసిక ఆరోగ్యాన్నీ రెండు వేర్వేరు సబ్జెక్టులుగా చూస్తున్నాం. ఒకటేమో సేఫ్టీ ఆఫీసర్ పని, ఇంకోటి ఏసీ ఆఫీసుల్లో కూర్చునేవాళ్ల సమస్య అన్నట్టు. సైట్‌లో రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. నిద్రలేనివాడు అడుగు తప్పుతాడు. అప్పు ఉన్నవాడు గోడ చెమ్మగిల్లుతున్నా చెప్పడు. భయం వేస్తోందని కూలీ చెప్పగలిగిన సైట్‌కి ఏ పరికరమూ ఇవ్వలేని సమాచారం వస్తుంది. రోజంతా ఆ రాతి ముందు నిలబడేది వాడే కదా. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో నాలుగో వంతుకు పైగా దినసరి కూలీలే. అందరూ నిర్మాణ రంగంవాళ్లని అనను. కానీ ఆ వరసలో మన సైట్ల మనుషులు లేరని ఎవరు అనగలరు?

ఆస్ట్రేలియాలో భవన నిర్మాణ కార్మికుల ఆత్మహత్యలు ఆపడానికి 2008లో మేట్స్ అనే సంస్థే పుట్టింది. తోటి పనివాళ్లకే శిక్షణ ఇస్తుంది, పక్కవాడి ముఖం చూసి పలకరించడం ఎట్లాగో. మనకు అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 41 మంది 17 రోజులు చిక్కుకుంటే, పైపు గుండా అన్నం పంపినట్టే, మానసిక వైద్యులతో మాట్లాడించారు కూడా. సొరంగంలో ఇరుక్కున్నవాడికి మనసుంటుందని మనకు తెలుసు. రోజూ పొద్దున సొరంగంలోకి పోయేవాడికీ ఉంటుందన్నది మరిచిపోతాం.

ఈ మాట హాస్టల్‌లో అంటే మా రూమ్మేట్ నవ్వాడు. "అట్ల ప్రతి ఒక్కడు భయమని కూసుంటే పని అయితదా?" వాడి ప్రశ్న ఉత్తదేం కాదు. స్లాబ్ రోజు పదిమంది రాకపోతే కాంక్రీటు లారీలు గేటు దగ్గరే నిలబడతాయి. కానీ హాజిరీ పోతుందని తెలిసి తెలిసి ఊరికే ఎవడూ కూర్చోడు. ఇంటికి డబ్బు పంపాల్సినవాడు నోరు తెరిచి పోనంటున్నాడంటే, ఆ మాటకి చెక్‌లిస్టులోని అన్ని టిక్కుల కంటే బరువుంటుంది. ఒక మనిషిని ఒకరోజు కింద పనికి మార్చితే పోయేది ఒక పూట. దోమలపెంటలో ఆగిన పని ఎన్ని పూటలైంది?

చట్టం ఏమంటోంది అని కూడా చూశాను. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. ఐదొందల మందికి పైగా ఉన్న చోట సేఫ్టీ కమిటీ ఉండాలి, అందులో కార్మికుల ప్రతినిధులూ ఉండాలి అంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ ప్రకారం, ప్రాణాపాయం ఉందనిపిస్తే కార్మికుడు యజమానికీ ఇన్‌స్పెక్టర్‌కీ తెలియజేయొచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 ఒప్పందం ఇంకో అడుగు ముందుకు వేసింది. అట్లాంటి చోటు నుంచి తప్పుకున్నవాడికి దానివల్ల నష్టం జరగకుండా కాపాడాలంది. తెలియజేయడానికీ తప్పుకోవడానికీ మధ్యనే ఒకరోజు హాజిరీ ఉంది. మా తాతకు అడ్వాన్సు ఉండేది.

టెలీ మానస్ 14416 అని ఉచిత నంబరు ఉంది, చాలా భాషల్లో మాట్లాడతారు. ఆ నంబరు సైట్ బోర్డు మీద హిందీలో, ఒడియాలో రాయడానికి ఒక డబ్బా రంగు చాలు. నేను పని చేసిన చోట బోర్డు మీద "సేఫ్టీ ఫస్ట్" ఉండేది, ఇంగ్లీషులో.

జులైలో నాకు సైట్ పోస్టింగు. మనలో చాలామందికి అంతే, సాఫ్ట్‌వేర్‌కి జంప్ కానివాళ్లకి. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటి రాసిపెట్టుకున్నాను. ఎవరైనా ఈరోజు పైకి పోలేనంటే హాజిరీ కట్ అవుతుందా? ఏం జవాబు వస్తుందో నాకు తెలుసు. ఆ జవాబు విన్నాక, ఆర్నెల్ల ప్రొబేషన్‌లో ఉన్న ట్రైనీగా, నేనేం చేస్తానో మాత్రం ఇంకా తెలియదు.