కెమెరా మనది... కన్ను ఎవరిది?

ఇంట్లో కెమెరా పెట్టించుకున్నవారికి ఎవరైనా చెప్పే మాట ఒకటే... పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకోండి అని. మంచి సలహానే. కానీ తొంగి చూసేవాడు కెమెరా తయారుచేసిన కంపెనీలోనే కూర్చుని ఉంటే?

అమెరికాలో అచ్చంగా అదే జరిగింది. గుమ్మానికి పెట్టే వీడియో కాలింగ్‌బెల్‌తో పేరు తెచ్చుకున్న 'రింగ్' కంపెనీ ఇంటి లోపల పెట్టుకునే కెమెరాలూ అమ్ముతుంది. 2018లో అమెజాన్ దాన్ని కొనేసింది. అంతకు ముందు ఏడాది ఆ కంపెనీ ఉద్యోగి ఒకడు జూన్ నుంచి ఆగస్టు దాకా కనీసం 81 మంది మహిళల వీడియోలను వేలకొద్దీ చూశాడు. బెడ్‌రూమ్, బాత్‌రూమ్ అని పేర్లు పెట్టుకున్న కెమెరాలను వెతికి మరీ చూశాడు. అందుకోసం అతనేమీ హ్యాకింగ్ చేయలేదు. అప్పట్లో రింగ్ సిబ్బందిలో ఎవరైనా, ఉక్రెయిన్‌లోని కాంట్రాక్టు ఉద్యోగులతో సహా, ఏ ఇంటి వీడియో అయినా తెరవొచ్చు. పనికి అవసరమా కాదా అని అడిగే నాథుడే లేడు.

తోటి ఉద్యోగిని ఒకామె కనిపెట్టి ఫిర్యాదు చేస్తే, ఇంజినీరన్నాక అన్ని అకౌంట్లు చూడటం మామూలేనని పై అధికారి తీసిపారేశారట! అతగాడు చూస్తున్నది అందమైన అమ్మాయిల వీడియోలేనని తేలాక గానీ విషయం పైకి వెళ్లలేదు. చివరికి అతని ఉద్యోగం ఊడింది. ఆ మహిళల్లో ఒక్కరు గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుని ఉన్నా ఏం లాభం?

ఆ తర్వాత బయటివాళ్ల వంతు వచ్చింది. 2019 డిసెంబరులో మిసిసిపీ రాష్ట్రంలో ఎనిమిదేళ్ల పాప గదిలోని కెమెరా నుంచి ఓ మగ గొంతు వినిపించింది... 'నేను శాంతాక్లాజ్‌ని' అంటూ. ఇలా 2019 జనవరి నుంచి 2020 మార్చి మధ్య సుమారు 55 వేల మంది అమెరికన్ల రింగ్ అకౌంట్లు పరాయివాళ్ల చేతుల్లో పడ్డాయి. వేరేచోట వాడిన పాస్‌వర్డునే ఇక్కడా వాడారంటూ కంపెనీ వినియోగదారుల వైపు వేలు చూపింది. అలాంటి దాడులు జరుగుతాయని తెలిసి కూడా ఓటీపీ లాంటి రెండో తాళాన్ని అందరికీ వేయకపోవడం ఎవరి తప్పు?

ఈ సంగతుల్లో చాలావరకు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 మేలో కోర్టులో వేసిన ఫిర్యాదులో ఉన్నాయి. ఆరోపణలు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీకొచ్చింది. 58 లక్షల డాలర్లు కట్టింది. అందులో 56 లక్షలను 2024లో లక్షా 17 వేల మందికి పైగా పంచారు. అంటే మనిషికి 50 డాలర్లు కూడా రాలేదు. పడకగది పరువు ఖరీదు అంతేనన్నమాట!

మన దగ్గర సంగతి? పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు, అమ్మానాన్నలు ఊళ్లో. పెద్దవాళ్లు మాత్రలు వేసుకున్నారో లేదో చూసుకోవడానికి హాల్లో ఒక కెమెరా, పడకగదిలో మరొకటి. తప్పేం లేదు, అవసరమే. కాకపోతే ఆ దృశ్యం ఊరి నుంచి నేరుగా డాలస్ వెళ్లదు. చాలా కెమెరాల్లో అది కంపెనీ సర్వర్ల మీదుగానే పోతుంది. క్లౌడ్ అంటే మబ్బు కాదు, ఎవరివో కంప్యూటర్లు.

సీసీ కెమెరాలు భద్రతా పరీక్షలు నెగ్గితేనే అమ్మాలన్న నిబంధన మనదేశంలో 2025 ఏప్రిల్ 9న అమల్లోకి వచ్చింది. మెచ్చుకోదగ్గదే. అయితే ఆ పరీక్ష ప్రధానంగా పరికరానికి... కంపెనీలో కూర్చున్న మనిషికి కాదు. ఆ లోటు తీర్చాల్సింది 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. సమాచారాన్ని భద్రంగా కాపాడని సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు మాత్రం అక్కణ్నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. పైగా ఆ జరిమానా వెళ్లేది ప్రభుత్వ ఖజానాకి. పరువు పోయిన ఇంటికి అందులో పైసా రాదు!

వీడియో కెమెరాలోని మెమరీ కార్డులోనే ఉంటుందా, కంపెనీ సర్వర్‌కి వెళ్తుందా? వెళ్తే అక్కడ ఎవరెవరు చూడగలరు? భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారు? కొనేముందు అడగాలి. డబ్బా మీద రాసింది చూసి సరిపెట్టుకోవద్దు. వీడియోలు ఇల్లు దాటవని ప్రచారం చేసుకున్న 'యూఫీ' కెమెరాల నుంచి మనుషుల ఫొటోలు క్లౌడ్‌కి చేరుతున్నాయని 2022లో బయటపడింది మరి. జవాబు చెప్పలేక షాపతను నీళ్లు నమిలితే, ఆ కెమెరాని గేటు దగ్గర పెట్టుకోండి. పడకగదికి వద్దు.